రూపాయి నొక్కిన వేలు

"నా బిడ్డ ఉన్నదా, లేదా? ఉంటే ఉన్నదను, లేకుంటే లేదను. గిట్ల నడుమ ఏలాడదీసి నన్ను సంపకమ్మా."

ప్రసూన కారు దిగి రెండో కాలు నేల మీద పెట్టకముందే, ఆమెను పిలిపించిన కన్నమ్మ అడిగిన మాట అది. తెలియనిది తెలిసినట్టు చెప్పడం ప్రసూనకు చేతకాదు. ఖమ్మంలో పద్దెనిమిదేళ్లుగా డిటెక్టివ్ పని చేస్తున్నా, ఆడపిల్ల కనిపించడం లేదని వింటే చాలు, ముందుగా ఆమె కళ్ల ముందు ఆడేవి బావులు, చెరువులు, రైలు పట్టాలు. హాస్టల్లో ఉన్న కూతురు ఒక్కసారి ఫోన్ ఎత్తకపోతే వార్డెన్‌కు, వార్డెన్ ఎత్తకపోతే వాచ్‌మన్‌కు చేసే మనిషి ఆమె. చుట్టాలు దాన్ని పిరికితనం అంటారు. ప్రసూన దాన్నే పనిముట్టుగా చేసుకుంది. అన్నిటికన్నా చెడ్డది ముందు తలుచుకోవాలి, అది కాదని కళ్లతో చూసేదాకా ఊరుకోకూడదు.

"సోమవారం నుంచి లేదు. ఇవాళ శుక్రవారం. నాకూ భయంగానే ఉంది కన్నమ్మా. నా పక్కనే ఉండు. అడిగినవి చెప్పు."

కన్నమ్మ కూతురు దుర్గ, అల్లుడు శివ కాపురముంటున్నది ములకలపల్లి మండలంలో అడవి అంచునున్న ఈ గూడెంలోనే. వాళ్ల వాకిట్లో అప్పటికే తెల్లటి పెద్ద కారు నిలబడి ఉంది. దాని నంబరు చూడగానే ప్రసూన నోట్లో చేదు ఊరింది.

ఉదయ్ భాస్కర్. మూడేళ్లు ఆమె దగ్గర పని నేర్చుకుని, పోతూ పోతూ ఆమెకు కేసులిచ్చే ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుపోయి, హైదరాబాద్‌లో అద్దాల ఆఫీసు తెరిచినవాడు. వాడి ఫొటో పేపర్లో పడిన రోజున ప్రసూన ఆ పేపరు తీసుకుపోయి కందిపప్పు డబ్బా కింద పరిచింది. డబ్బా ఎత్తినప్పుడల్లా వాడు నవ్వుతూనే ఉన్నాడు.

"రండి మేడం. ఆలస్యమైంది. కేసు అయిపోయింది."

"మనిషి దొరికిందా?"

"జాడ దొరికింది."

"జాడ వేరు, మనిషి వేరు. మూడేళ్లలో ఆ ఒక్క ముక్కా ఒంటబట్టలేదన్నమాట."

ఉదయ్ నవ్వాడు. అతన్ని పంపింది టూర్ ఏజెంటు. ఆయిల్‌పామ్ గెలలు కొనే కంపెనీ ఒకటి మంచి దిగుబడి తీసిన రైతులను ఆ ఏజెంటు ద్వారా రెండు విడతలుగా మలేషియా తోటలు చూడ్డానికి పంపింది. కిందటి నెల మొదటి విడతలో పోయిన ఒకే ఒక్క ఆడది దుర్గ. ఖర్చులకని తలా ఒక కార్డు ఇచ్చి, అందులో అక్కడి డబ్బు రింగిట్లు నింపారు. వారం తిరిగొచ్చాక కూడా దుర్గ కార్డులో నాలుగు వందల రింగిట్లు మిగిలే ఉన్నాయి. రెండో విడత ఈ సోమవారం తెల్లవారి అయిదింటికి వ్యానెక్కింది. అందులో ఈ గూడెం మగవాళ్లు ముగ్గురు; వాళ్లలో శివ వాళ్ల అన్న బొజ్జయ్య ఒకడు. అదే రోజు దుర్గ మాయమైంది. తన పూచీ మీద పోయొచ్చిన ఆడది ఏమైందని రేపు కంపెనీ అడుగుతుంది. ఆమె తన ఇష్టంతో లేచిపోయిందని తేలితే ఏజెంటుకు అంతకు మించిన చల్లని కబురు లేదు.

"పాస్‌పోర్టూ కార్డూ ఒకే సంచిలో పెట్టి బియ్యం డబ్బాలో దాచేదట," అన్నాడు ఉదయ్. "సంచి లేదు. ఫోన్ వదిలేసింది, ఎవరూ ఆరా తీయకుండా. మంగళవారం నుంచి కౌలాలంపూర్ ఏటీఎంలలో ఆ కార్డుతో డబ్బు తీస్తున్నారు. ఇంకేం కావాలి?"

"విమానం ఎక్కినట్టు కాగితం కావాలి."

"పోలీసులు విమానాశ్రయానికి రాశారు. రేపొస్తుంది. రాకముందే నేను చెబుతున్నా, ఎక్కింది. శివను అడగండి."

శివ మంచం పట్టె మీద కూచుని ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చిన ఎరుపు కాదు, రగిలిన ఎరుపు.

"మలేషియా నుంచి వచ్చినకాంచి దానికదే నవ్వుకునేది మేడం. ఏందే అంటే, ఏదో యాదికొచ్చింది అనేది. నాకు ఎరకలేని యాది దానికేంది? పదేండ్ల కాపురంల నన్ను జూసి గట్ల ఎన్నడన్న నవ్విందా?"

"అది తర్వాత. సోమవారం ఎన్ని గంటలకు ఇంట్లోంచి కదిలావు?"

"ఎనిమిదింటికి. గెలలు ట్రాక్టర్ల ఏసుకొని కాంటాకు పోయిన."

"అప్పుడు దుర్గ?"

"ఉన్నది. చాయ్ ఇచ్చింది. వాగు చేపలొస్తే తెమ్మన్నది."

"తెచ్చావా?"

"తెచ్చిన. ఒంటిగంటకు వచ్చిన. ఇంట్ల మనిషి లేదు. చేపలు మా వదినకిచ్చిన. ఆడనే తిన్న. గప్పటిసంది ఆడనే తింటున్న."

"ఈ పొయ్యి ఎవరైనా ముట్టారా?"

"ఎవరు ముడతరమ్మా," అంది కన్నమ్మ. "నాకు లోపటికి పోతే కాళ్లు ఆడతలేవు."

ప్రసూన లోపలికి పోయింది. చార్జర్‌కు తగిలించిన చిన్న బటన్ల ఫోన్. గోడ వారగా బియ్యం డబ్బా. బియ్యం మధ్యలో అరచేతి వెడల్పు గుంట, సంచి తీసిన గుర్తు, ఇంకా పూడలేదు. ఆమె డబ్బా దగ్గర ఎక్కువ సేపు నిలబడలేదు. పొయ్యి గట్టు మీద స్టీలు గిన్నె ఒకటి మూతపెట్టి ఉంది. మూత తీసింది. నిమ్మకాయంత చింతపండు, మునిగేటన్ని నీళ్లు, పైన దూదిలాంటి బూజు. గిన్నె పట్టుకునే ఆమె గడప దాకా వచ్చింది. గడప పక్కన ఆడవాళ్ల చెప్పులు.

"దుర్గకు చెప్పులు ఎన్ని జతలు?"

"ఒక్కటే జత," అన్నాడు శివ. "మలేషియాకు పోయేటప్పుడు కొన్నయి."

"చూశావా ఉదయ్? చేపల పులుసుకు చింతపండు నానబెట్టింది. ఎనిమిదింటికి చేపలు తెమ్మంది, ఆ తర్వాతే నానబోసింది. వట్టి కాళ్లతో బయటికి పోయింది. దేశం దాటే ఆడది చెప్పులు వదిలి పోతుందా? ఇరుగింటికి పోయేది వదిలి పోతుంది."

"మేడం, మీరు ఇంకా గిన్నెలూ గరిటెల్లోనే ఉన్నారు." ఉదయ్ గొంతులో జాలి ఉంది. అదే ప్రసూనకు కారం రాసినట్టయింది. "నేను డేటా చూస్తున్నా. కార్డు అక్కడ వాడుతున్నారు. ఆ కార్డును చింతపండు వాడదుగా?"

"సరే. నీ డేటానే చూద్దాం. శివా, ఫోన్ ఇటివ్వు."

చదవడానికి పెద్ద ఫోన్ ఉన్నది మొగుడి దగ్గరే కనుక కార్డుకు దుర్గ అతని నంబరే రాయించింది. నాలుగు మెసేజ్‌లు. మంగళవారం సాయంత్రం ఆరుంపావుకు నూరు రింగిట్లు. ఆరూ నలభైకి మళ్లీ నూరు. బుధవారం మధ్యాహ్నం యాభై. నిన్న పొద్దున పదింటికి ఇంకో యాభై. ప్రతి దాని కిందా రెండు కోతలు: ఏటీఎం రుసుము ఒకటి, మారకం రుసుము ఒకటి. నాలుగుసార్లూ మిషన్ దగ్గర రూపాయల లెక్క ఎంచుకున్నట్టు స్పష్టంగా ఉంది.

డిటెక్టివ్ కాకముందు ప్రసూన అయిదేళ్లు విదేశీ మారకం కౌంటర్లో కూచుంది. ఆ మెసేజ్‌లను ఆమె మొదటి నుంచి ఇంకోసారి చదివింది.

"కన్నమ్మా, దుర్గ వచ్చాక కార్డు గురించి మీకేమైనా చెప్పిందా?"

"చెప్పుడేంది, పాఠమే చెప్పింది." అంత దిగుల్లోనూ కన్నమ్మ మెడ నిటారైంది. "పోయేటోళ్ల ఇండ్లల్ల ఆడోళ్లు నేర్చుకుంటే మగోళ్లకు చెప్తరని మా పొదుపు సంఘం రూముల శనివారం అందర్నీ కూసోబెట్టింది. మిషన్ అడుగుతదట, మీ రూపాయలల్ల లెక్క కట్టాల్నా, మా రింగిట్లల్ల కట్టాల్నా అని. రూపాయి మనదే గద అని నమ్మి నొక్కినవా, మునిగినవ్. కార్డుల ఉన్నయే రింగిట్లు. అటు రూపాయి జేసి, ఇటు మళ్ల రింగిట్టు జేసి రెండు దిక్కుల కోస్తరు. రింగిట్టే నొక్కు. ఇగ జరన్ని జరన్ని తియ్యకు, తీసినప్పుడల్ల మిషన్‌కు కిరాయే. ఒక్కసారే తీసి నడుముకు కట్టుకో. దుకాణంల గీకేటప్పుడు గూడ గంతే, రూపాయంటే ఒద్దను. గట్ల చేసే నా బిడ్డ అన్ని మిగిల్చింది. తోలుకపోయిన సారే దాని దగ్గర నేర్చుకున్నడట."

ప్రసూన ఫోన్ తెర ఉదయ్ వైపు తిప్పింది.

"ఊరందరికీ ఈ పాఠం చెప్పిన మనిషి, నాలుగుసార్లు రూపాయి నొక్కిందంటావా? ఇరవై అయిదు నిమిషాల తేడాతో రెండుసార్లు కిరాయి కట్టిందంటావా?"

"తొందరలో ఉన్న మనిషి..."

"నాలుగుసార్లూ తొందరేనా? ఈ వేలు దుర్గది కాదు. ఈ పాఠం వినని వేలు."

ఉదయ్ వెనక్కి తగ్గలేదు. తగ్గే రకమైతే ఆమె దగ్గర మూడేళ్లు పనిచేసేవాడే కాదు. "మరి పిన్ మాటేంటి? నాలుగంకెలు తెలియకుండా మిషన్ పైసా రాల్చదు. పిన్ మొగుడైన తనకే తెలియదని శివ చెప్పాడు. దుర్గ ఒక్కదానికే తెలుసు."

కన్నమ్మ అయోమయంగా చూసింది. "అదేంది సారు? నంబరు మాకందరికి ఎరికే గద."

"ఎవరికి?"

"మా సంఘపోళ్లకు. పదిమందిమి. ఏ బ్యాంకు కార్డు వచ్చినా అందరం ఒకటే నంబరు పెట్టుకుంటం. సంఘం పెట్టిన తారీఖు. ఒగలు మరిస్తే ఇంకొగలు చెప్పాలె గద. మలేషియా కార్డుకు గూడ గదే పెట్టిన్నని దుర్గ శనివారం అందరి ముంగట చెప్పింది. మొగోళ్లకు చెప్పం గనీ!"

వాకిట్లో చేరిన ఆడవాళ్లలో ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకో రోజైతే ప్రసూన పడీ పడీ నవ్వేది. ఉదయ్ ముఖం మాత్రం ఉప్పు లేని గంజి తాగినట్టయింది. ఆ ముఖం చూసి ఆమెకు ఒక్క క్షణం కడుపు నిండింది. అది ఆ క్షణం వరకే. కార్డు వేరే చేతిలో ఉందంటే దుర్గ మలేషియాలో లేదు. మరి ఎక్కడుంది? నాలుగు రోజులుగా?

"సంఘం పుస్తకం తీసుకురండి. జల్దీ."

శనివారం తారీఖు కింద సంతకాలు, వేలిముద్రలు కలిపి తొమ్మిది. పదో గడి ఖాళీ. అన్నిటికన్నా పైన ఉండాల్సిన గడి, అధ్యక్షురాలిది.

"నంబరు తెలిసీ పాఠానికి రాని వాళ్లెవరు?"

"కళావతి." కన్నమ్మ గొంతు తగ్గింది. "శివ వదిన. బొజ్జయ్య పెండ్లాం. తలకాయ నొస్తున్నదని రాలే. అది చెప్పుడేంది, నేను కింద కూసోని ఇనుడేంది అన్నదట. మొదలు మలేషియాకు కళావతి పేరే అనుకున్నరమ్మా, సంఘానికి పెద్ద గదా అని. తోట లెక్కలు చూసి కంపెనీ సార్లు దుర్గను రాసుకున్నరు. గప్పటిసంది యారాండ్ల నడుమ మాట తక్కువైంది. నా బిడ్డ మాత్రం అక్కా అక్కా అనుకుంటనే పోయేది."

"శివా," అంది ప్రసూన నెమ్మదిగా, "దుర్గకు అక్కడెవరో మగవాడున్నాడని నీతో మొదట అన్నదెవరు?"

శివ కళ్లలోని ఎరుపు ఒక్కసారిగా పాలిపోయింది.

"వదిన," అన్నాడు. "మంగళారం రాత్రి అన్నం పెట్టుకుంట."

బొజ్జయ్య ఇంటికి ముప్పై అడుగులు. చెప్పులు అక్కర్లేని దూరం.

కళావతి వాకిట్లో కూచుని అడ్డాకులతో విస్తర్లు కుడుతోంది. ఇంతమంది వచ్చినా తలెత్తలేదు. ఈనెపుల్ల గుచ్చడం, విరవడం, మళ్లీ గుచ్చడం. చుట్టూ ఎత్తుగా కుట్టిన విస్తర్ల కట్టలు. నాలుగు రోజులుగా ఆ చేతులకు వేరే పని లేనట్టుంది.

"దుర్గ సోమవారం మీ ఇంటికి వచ్చిందా?"

"రాలే."

"ఆమె కార్డు మీ ఆయన చేతికెట్లా పోయింది?"

"నాకేమెరుక. కార్డు గీర్డు నాకు తెల్వదు."

"ఆగండి," అన్నాడు ఉదయ్. పది అడుగులు అవతలికి పోయి ఏజెంటుకు ఫోన్ కలిపాడు. అక్కడి గైడుకు, గైడు నుంచి బొజ్జయ్యకు. అయిదు నిమిషాల్లో బొజ్జయ్య గొంతు స్పీకర్లో వాకిలంతా వినిపించింది. ఖమ్మంలో ప్రసూన రెండు రోజులు తిరిగినా సాధించలేని పని అది. ప్రసూనకు పళ్లు నూరాలనిపించింది. అసూయకు వేళాపాళా ఉండదు.

"అవ్ సార్, కార్డు నా దగ్గర్నే ఉన్నది. వ్యానెక్కేటప్పుడు మా ఆడది ఇచ్చింది, నంబరు గూడ చెప్పింది. మిగిలిన పైసలు బావను ఖర్చు పెట్టుకోమని దుర్గనే ఇచ్చిందట గద. మంచిపిల్ల సార్ అది. మిషన్ల రూపాయలా అని అడిగింది, మనయే గద అని గదే నొక్కిన. ఏం సార్, ఏమన్న తప్పయిందా? శివ మంచిగున్నడా?"

ఉదయ్ ఫోన్ ఆపేసి కళావతి ముందు నిలబడ్డాడు. "విన్నావుగా? దొంగతనం తేలిపోయింది. ఇప్పుడు చెబుతావా, పోలీసులను పిలవమంటావా? చంపేశావా? ఎక్కడ పాతావు?"

కన్నమ్మ కెవ్వుమంది. శివ వదిన మీదికి దూకబోయాడు. ఇద్దరు మనుషులు పట్టుకున్నారు. కళావతి చేతిలో ఈనెపుల్ల ఆగింది. పెదవులు బిగుసుకున్నాయి. ఆ బిగువు ప్రసూనకు తెలుసు. ఇంకో అరుపు అరిస్తే ఆ నోరు ఇక తెరుచుకోదు.

"ఉదయ్, శివను తీసుకుని పక్కకు పో. నీకు దండం పెడతా. పో."

ఆమె నిజంగానే చేతులు జోడించింది. ఉదయ్ ఏమనుకున్నాడో, మారుమాట్లాడకుండా శివ భుజం పట్టుకుని వాకిలి దాటాడు.

ప్రసూన అడ్డాకుల పక్కన నేల మీద కూలబడింది.

"కళావతీ, ఇప్పుడు అరిచిపోయినవాడు నా దగ్గర పని నేర్చుకున్నాడు. వాడికి ఓనమాలు దిద్దించింది నేను. ఇవాళ వాడికి ఆఫీసుంది, పెద్ద కారుంది, ఫోన్ కొడితే మలేషియా పలుకుతుంది. వాడి బండి గోతిలో పడితే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో నాకే తెలియదు. ఒకసారి వాడికి రావలసిన ఉత్తరం నా చిరునామాకు వస్తే నెల రోజులు దాచాను. ఇవ్వాలనే అనుకున్నా. ఇవాళ ఇస్తే నిన్నెందుకివ్వలేదని అడుగుతాడని, రేపిద్దామనుకున్నా. రేపు ఇంకా కష్టమైంది."

కళావతి కళ్లెత్తి చూసింది. మళ్లీ దించుకుంది.

"ఆదివారం సంచి తీశావు. దుర్గ పొలంలో ఉన్నప్పుడు. ఆమె పోయొచ్చింది, కనీసం మిగిలిన డబ్బన్నా నా మొగుడు తినాలనుకున్నావు. అంతవరకే అనుకున్నావు. నాకు తెలుసు. సోమవారం ఆమె డబ్బాలో చూసుకుంది, సంచి లేదు. చెప్పులు కూడా వేసుకోకుండా నీ దగ్గరికే వచ్చింది. వేరే ఎవరినీ అనుమానించలేదు, అలిగిన అక్కే దాచిందనుకుంది. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు. నాకు భయంగా ఉంది. నాకూ ఆడపిల్ల ఉంది. దుర్గ ఎక్కడుంది తల్లీ?"

ఎండ అడ్డాకుల మీదికి జరిగింది. కన్నమ్మ గుంజ పట్టుకుని, కోయ భాషలో తనలో తానే ఏదో గొణుక్కుంటూ నేలకు జారింది. కళావతి ఒక ఆకు తీసుకుంది. పుల్ల గుచ్చింది. ఆకు చీలింది. ఇంకోటి తీసుకుంది. అదీ చీలింది. మూడో ఆకును ఒళ్లో పెట్టుకుని దాని మీద రెండు అరచేతులూ ఆనించి ఉండిపోయింది. ప్రసూన కదల్లేదు. చెంపల మీద చెమట కారుతున్నా తుడుచుకోలేదు.

చివరికి కళావతి మాట్లాడింది. తలెత్తకుండా, ఆకుతో చెబుతున్నట్టు.

"తోట ఎనక పొగాకు ఆరబెట్టే పాత బ్యారన్ కొట్టంల ఉన్నది. సంచి ఆడ దాసిన్నని తోలుకపోయిన. అది ఎతుకుతుంటే బయటికెల్లి గడియ పెట్టిన. మా ఆయన ఇమానం ఎక్కేదాక ఉంచుదామనుకున్న, ఫోన్ చేసి ఆపుతదని. రాత్రి తీద్దామనుకున్న. తీస్తే అందరికి చెప్తది, నా ఇజ్జత్ పోతది. తెల్లారి తీద్దామనుకున్న. ఇట్లనే... గాలి కంతల నుంచి నీళ్ల సీసలు ఏసిన. రొట్టె ఏసిన. నిన్న పొద్దుగూకేదాక 'అక్కా, చెప్పనే, ఎవలికి చెప్పనే' అనుకుంట పిలిచింది."

ఆకు ఆమె అరచేతుల కింద నలిగింది.

"ఇయ్యాల పొద్దుగాల పోయి చానాసేపు నిలబడ్డ. పిలుస్తలేదు."